మినోరిలా తప్పుకోవాలా అక్కా?

ప్రశ్న: అక్కా, నేను ఇంటర్ సెకండియర్. నా ఫ్రెండూ నేనూ ఆరో క్లాసు నుంచి ఒకే బెంచీ. మా ట్యూషన్‌లో ఒకబ్బాయంటే తనకి ఏడాదిగా ఇష్టం. రోజూ అతని గురించి నాతోనే చెప్పుకుంటుంది. ఏం మెసేజ్ పెట్టాలో కూడా నన్నే అడుగుతుంది. ఈ మధ్య నాకూ అతనంటే ఇష్టమని అర్థమైంది. ఈ సంగతి తనకి తెలీదు. దసరా సెలవుల్లో ఇద్దరం కూర్చుని తొరాదొరా అనే యానిమే (జపాన్ యానిమేషన్ సీరీస్) చూశాం. అందులో మినోరి అనే అమ్మాయి తన ఫ్రెండ్ కోసం, తనకిష్టమైన అబ్బాయి నుంచి తప్పుకునే చోట నా ఫ్రెండ్ ఏడ్చేసి, "ఫ్రెండంటే ఇలా ఉండాలే" అంది. నేనూ అలాగే తప్పుకోవాలని ఆ రోజే అనుకున్నాను. అప్పట్నుంచి ట్యూషన్‌లో వేరే వరసలో కూర్చుంటున్నాను. అతను పలకరిస్తే ముక్తసరిగా మాట్లాడి వచ్చేస్తున్నాను. కానీ అతని సంగతేమో గానీ, నా ఫ్రెండ్‌కే దూరమైపోతున్నాను. తను అతని పేరెత్తితే చిరాకొస్తోంది. నేను చేస్తోంది మంచి పనే కదా, మరి ఎందుకిలా? మినోరి చేసింది రైటేనా? నేనిప్పుడు ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం:

చెల్లీ,

నువ్వడిగిన మూడింటిలో మధ్య ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను. మిగతా రెండూ దాని చుట్టూనే తిరుగుతున్నాయి. నా ఉద్దేశంలో మినోరి చేసింది పొరపాటు. ఆ కథలో నాకు అందరికంటే ఇష్టమైన పిల్ల మినోరే, అయినా ఈ మాట అంటున్నాను. పైగా ఇది నా ఒక్కదాని తీర్పు కూడా కాదు, ఆ సీరీసే చివరికి తేల్చిన సంగతి. మీ ఫ్రెండ్ ఏడ్చింది 19వ ఎపిసోడ్ దగ్గరై ఉంటుంది. సీరీస్ 25 దాకా ఉంది. మినోరి తప్పుకున్నాక తనూ, తన ఫ్రెండూ, ఆ అబ్బాయీ ముగ్గురి బతుకూ ఏమైందో మిగతా ఆరు ఎపిసోడ్లలో చూపించారు. నీ ఉత్తరం చదువుతుంటే, మొత్తం చూసినా మనసులో మాత్రం నువ్వు ఆ 19 దగ్గరే ఆగిపోయావని అనిపించింది.

తొరాదొరా చూడని పాఠకుల కోసం కాస్త కథ చెప్పాలి. యుయుకో తకెమియా అనే రచయిత్రి 2006 నుంచి 2009 దాకా పది సంపుటాలుగా రాసిన నవలలివి. జె.సి.స్టాఫ్ అనే స్టూడియో వాటిని టీవీ సీరీస్‌గా తీసింది. 2008 అక్టోబరులో మొదలై 2009 మార్చిలో ముగిసింది. దర్శకుడు తత్సుయుకి నగాయ్, స్క్రిప్టు చూసుకున్నది మారి ఒకాదా. ర్యూజీ అనే కుర్రాడు చూపులకి రౌడీలా ఉంటాడు గానీ ఇల్లు తుడవడం, వంట చేయడం అతనికి ప్రాణం. రాత్రంతా బార్‌లో పనిచేసి వచ్చే తల్లికి అన్నీ అతనే అమర్చిపెడతాడు. పక్కనున్న ఖరీదైన అపార్ట్‌మెంట్‌లో తైగా ఒక్కతే ఉంటుంది. తల్లీ తండ్రీ విడిపోయి ఎవరి దారిన వాళ్లు పోయారు. పొట్టి పిల్ల, ముక్కు మీద కోపం, వంట రాదు. తైగాకి ర్యూజీ స్నేహితుడు కితమురా అంటే ఇష్టం. ర్యూజీకి తైగా ప్రాణస్నేహితురాలు మినోరి అంటే ఇష్టం. ఒకరికొకరు సాయం చేసుకుందామని ఒప్పందం చేసుకుంటారు. ఆ వంకన రోజూ ర్యూజీ ఇంట్లోనే తైగా భోజనం, ఇద్దరూ కలిసే స్కూలు. అలా అలా తైగాకి ర్యూజీయే కావాల్సినవాడు అయిపోతాడు. ఆ ముక్క తైగాకే అందరికంటే ఆలస్యంగా తెలుస్తుంది. ఇటు మినోరికి కూడా ర్యూజీ మీద మనసు పడుతుంది.

మినోరి సాఫ్ట్‌బాల్ టీమ్ కెప్టెన్. ఒకటికి నాలుగు పార్ట్‌టైమ్ ఉద్యోగాలు చేస్తుంది. ఎప్పుడూ నవ్వుతూ, తుళ్లుతూ, ఏదో ఒక పిచ్చి జోకు వేస్తూ ఉంటుంది. ఆ జోకుల వెనక ఏముందో ఎవరికీ చెప్పదు. వేసవిలో అందరూ క్లాస్‌మేట్ అమి వాళ్ల సముద్రపు ఒడ్డు విల్లాకి వెళ్లినప్పుడు, రాత్రిపూట ర్యూజీతో దెయ్యాల గురించి మాట్లాడుతుంది గుర్తుందా? ప్రేమ అనేది లోకంలో ఉందని నమ్ముతాను గానీ నాకెప్పుడూ కనిపించలేదు, దెయ్యంలాగే, అన్నట్టుగా చెబుతుంది. తన గురించి అంత తిన్నగా మాట్లాడటం ఆ పిల్లకి చాలా అరుదు.

ఇప్పుడు నీకు బాగా గుర్తుండాల్సిన ఒక సీను చెబుతాను. క్రిస్మస్ పార్టీ ఏర్పాట్లప్పుడు జిమ్‌లో పెద్ద చెట్టు నిలబెట్టి, దాని పైన మెరిసే నక్షత్రం పెడతారు. అదంటే తైగాకి ఎంతో ఇష్టం. బయట ప్రాక్టీసులో మినోరి కొట్టిన బంతి కిటికీ అద్దం పగలగొట్టుకుని లోపలికొచ్చి ఆ నక్షత్రాన్ని ముక్కలు చేస్తుంది. మినోరి ఆ పెంకులన్నీ ఏరుకుని, నేనే పగలగొట్టాను నేనే అతికిస్తాను, మీరంతా వెళ్లిపొండి అంటుంది. ర్యూజీ వెళ్లడు. పక్కనే కూర్చుని ముక్కా ముక్కా చేర్చి అతికిస్తాడు. మినోరి గుణమంతా అక్కడే ఉంది. దెబ్బ తనే తినాలి, బరువు తనే మోయాలి, ఎవరూ చేయి వేయకూడదు. చూడటానికి గొప్పగానే ఉంటుంది. అలాంటి మనిషి పక్కన బతికేవాళ్లకి మాత్రం ఊపిరాడదు.

తర్వాత క్రిస్మస్ ముందు రోజు రాత్రి. జపాన్‌లో ఆ రాత్రికి భక్తితో పెద్దగా సంబంధం లేదు. అది జంటలు కలిసి గడిపే రాత్రి. ఒకమ్మాయిని ఆ రాత్రి రమ్మని అడగడమంటే ఇష్టపడుతున్నానని చెప్పడమే. ర్యూజీ మినోరిని రమ్మన్నాడు. ఇంట్లో ఒంటరిగా ఉన్న తైగా దగ్గరికి ముందు ఎలుగుబంటి శాంటా వేషం వేసుకొచ్చి కాసేపు నవ్వించాడు. తైగాయే అతన్ని మినోరి దగ్గరికి తరిమింది. తీరా అతను వెళ్లిపోయాక తనకేం కావాలో ఆ పిల్లకి తెలిసొచ్చింది. రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చి ర్యూజీ పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. ఆ ఏడుపు మినోరి చూసింది. నేరుగా స్కూలుకి వెళ్లి, ఎదురుచూస్తున్న ర్యూజీ నోరు తెరవకముందే, ఆ దెయ్యాల మాటనే ఎత్తుకుని, ఇక నాకు అవేవీ కనబడక్కర్లేదులే అని నవ్వుతూ తేల్చేసి వెళ్లిపోయింది.

మీ ఫ్రెండ్ అక్కడ ఏడ్చిందంటే నేను తప్పు పట్టను. ఎవరికైనా ఏడుపొస్తుంది. త్యాగం చేసిన స్నేహితుడికి చప్పట్లు కొట్టే సినిమాలు చూస్తూ పెరిగినవాళ్లం మనం. కానీ కన్నీళ్లు తుడుచుకుని కాస్త నిదానంగా ఆలోచించు. ఆ రాత్రి మినోరి ఎంతమంది తరఫున నిర్ణయం తీసుకుంది? తన తరఫున, సరే, అది తన ఇష్టం. తైగా తరఫున కూడా తీసుకుంది, నీకు ర్యూజీ కావాలి కాబట్టి నేను అడ్డు తప్పుకుంటున్నాను అని. ర్యూజీ తరఫున కూడా తీసుకుంది, నువ్వు నన్ను కాదు తైగాని చూసుకోవాలి అని. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరినీ ఒక్క మాట అడగలేదు. ర్యూజీకైతే ఎందుకు కాదంటోందో కారణం కూడా దక్కలేదు. అతను జ్వరంతో పడిపోయాడు. కొత్త సంవత్సరం వచ్చినా మనసు కోలుకోలేదు.

తైగా సంగతి చూడు. స్నేహితురాలు అంత పెద్ద త్యాగం చేస్తే తైగా సుఖపడాలి కదా? ర్యూజీని మినోరి కాదందని తెలియగానే, అది తన మూలానే జరిగిందని తైగా పసిగట్టింది. ఇక నేనెవరి మీదా ఆధారపడను, వాళ్లిద్దర్నీ నేనే కలుపుతాను అని బయల్దేరింది. మినోరి తైగా కోసం తప్పుకుంటే, తైగా మినోరి కోసం తప్పుకుంది. మధ్యలో ర్యూజీని ఇద్దరూ ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి నెట్టారు. ర్యూజీ మినోరికి ఇద్దామని కొనుక్కుని ఇవ్వలేకపోయిన జడపిన్ను గుర్తుందా? తైగా దాన్ని గుట్టుగా మినోరికి చేరవేసింది. స్కూలు ట్రిప్పులో మంచుకొండల దగ్గర మినోరి జుట్టులో ఆ పిన్ను చూసి ర్యూజీ మొహం పాలిపోయింది. ఎవరిచ్చారో మినోరికి అసలు సంగతి తెలీదు. ఆ పిన్ను మంచులో పడిపోతే వెతకడానికి వెళ్లి తైగా కొండ వాలు మీంచి జారిపడింది, తలకి దెబ్బ తగిలింది. ఎత్తుకొచ్చిన ర్యూజీని కితమురా అనుకుని ఆ మగతలోనే తన మనసులో మాటంతా చెప్పేసింది. చూడు, ఆ ముగ్గురూ ఒకరి మేలు ఒకరు కోరినవాళ్లే. నోరు విప్పకపోవడం వల్లే అంత దాకా వచ్చింది.

మినోరి ఎందుకలా చేసిందో సీరీస్ దాచలేదు. అమి చేత చెప్పించింది. మోడలింగ్ చేసే అమిని మొదట్లో అందరం తిట్టుకుంటాం, రెండు నాలుకల మనిషని. చివరికొచ్చేసరికి అందరికంటే కళ్లు తెరుచుకుని చూసింది తనే. ర్యూజీ తండ్రిలా, మినోరి తల్లిలా, తైగా కూతురిలా మీరు బొమ్మలాట ఆడుతున్నారని ర్యూజీ మొహం మీదే అంటుంది. మినోరినైతే, నీ అపరాధ భావం పోయిందా అని సూటిగా గుచ్చుతుంది. నాకు ఈ తల్లి పాత్ర మాట చాలా లోతుగా తగిలింది. మినోరికి తైగా అంటే ప్రేమ ఉంది, అందులో అనుమానం లేదు. కానీ ఆ ప్రేమలో తైగా సమానమైన మనిషి కాదు, చేయిపట్టుకుని నడిపించాల్సిన పిల్ల. కథ మొదట్లోనే ర్యూజీని మేడ మీదికి తీసుకెళ్లి, తైగాని బాగా చూసుకోమని వంగి వంగి వేడుకుంటుంది చూడు, అప్పగింతల్లో తల్లిలాగా. స్కూలు పండగప్పుడు తైగా తండ్రి తిరిగొస్తానంటే, ర్యూజీ మురిసిపోయి తైగాని ఒప్పించాడు. ఆ తండ్రి ఇంతకుముందు కూడా మాట తప్పాడని మినోరికి తెలుసు. ర్యూజీ మీద విరుచుకుపడిందే తప్ప ఎందుకో వివరంగా చెప్పలేదు. చివరికి తండ్రి రానేలేదు. స్టేజి మీద ఒంటరిగా నిలబడ్డ తైగా కోసం మినోరీ ర్యూజీ కలిసి రేసులో పరిగెత్తి, చేతులు పట్టుకుని గీత దాటారు. సీరీస్ మొత్తంలో నాకు అతి ఇష్టమైన నిమిషం అదే, కానీ ఆ నిమిషంలో కూడా ఇద్దరూ పరిగెత్తింది తైగాని కాపాడటానికి.

ఇప్పుడు నీ దగ్గరికొస్తాను. నువ్వు వేరే వరసకి మారి కూర్చున్నావు. ముక్తసరిగా మాట్లాడుతున్నావు. నీ ఫ్రెండ్‌కి ఇవేవీ తెలీవు. తనకి తెలియకుండా తన పేరు మీద నువ్వొక అప్పు రాసుకుంటూ పోతున్నావు. రోజుకింత వడ్డీ కూడా పెరుగుతోంది. తనేమో తీసుకోనే లేదు, తీర్చాలని ఎందుకనుకుంటుంది? ఎప్పట్లాగే వచ్చి, ఇవాళ అతను ఏ షర్ట్ వేసుకొచ్చాడో చెబుతుంది. నీకు చిరాకొస్తుంది. నేను ఇంత చేస్తుంటే దీనికి పట్టదేంటి అనిపిస్తుంది. తనకి పట్టకపోవడానికి కారణం నువ్వు చెప్పకపోవడమే. నీ మొదటి ప్రశ్నకి జవాబు ఇదే. నువ్వు చెడ్డదానివి కావడం వల్ల ఆ చిరాకు రాలేదు. చెప్పకుండా చేసే త్యాగంలో అది ఎప్పుడూ ఉంటుంది.

ఇంకో విషయం. నువ్వు దేన్ని వదులుకుంటున్నావు? ఉత్తరంలో ఎక్కడా, ఆ అబ్బాయి నిన్ను గానీ నీ ఫ్రెండ్‌ని గానీ ఇష్టపడుతున్నట్టు రాయలేదు. నీకు ఇష్టం, తనకి ఇష్టం, అతని మనసులో ఏముందో ఇద్దరికీ తెలీదు. నీది కానిదాన్ని తనకి ఎలా ఇచ్చేస్తావు? ఇది నిన్ను నొప్పించడానికి అనడం లేదు. ర్యూజీ విషయంలో మినోరీ తైగా ఇద్దరూ మర్చిపోయింది ఇదే. అతనికీ ఒక మనసుంది, అతనే చెప్పాలి. అందరికంటే చివర అడిగింది అతన్నే.

19 తర్వాత నువ్వు మళ్లీ చూడాల్సినవి 23, 24 ఎపిసోడ్లు. వాలెంటైన్స్ డే రోజు తైగా అందరికీ తన చేత్తో చేసిన చాక్లెట్లు పంచుతుంది. కొండ మీంచి కాపాడింది కితమురాయే అనుకుని అతనికి థాంక్స్ చెబుతుంది. మాటల్లో అసలు నిజం బయటపడిపోతుంది, ఎత్తుకొచ్చింది ర్యూజీయే అని, అంటే మగతలో తను చెప్పిందంతా అతను విన్నాడని. తైగా పారిపోబోతుంది. మినోరి అడ్డంగా నిలబడుతుంది. ఇక అక్కడ్నించి నవ్వులూ జోకులూ ఏవీ ఉండవు. నువ్వు ర్యూజీని నాకు వదిలిపెడితే నేను సంతోషిస్తాననుకున్నావా, నా సంతోషం ఏంటో నిర్ణయించాల్సింది నేను, నా చేత్తో నేనే తెచ్చుకుంటాను, ఇంకెవరూ కాదు అనే అర్థం వచ్చేలా అరుస్తుంది. ఆ మాట తైగాని అంటోంది గానీ, క్రిస్మస్ రాత్రి తను చేసింది కూడా సరిగ్గా అదే కదా. తైగా జాలిపడి ఇవ్వబోయేసరికి, జాలి పుచ్చుకోవడం ఎంత చేదుగా ఉంటుందో మినోరికి తెలిసొచ్చింది. ఆ తర్వాత కారిడార్‌లో ర్యూజీకి, ఇన్నాళ్లూ నిన్ను ఇష్టపడ్డాను అని మొదటిసారి సూటిగా చెబుతుంది. తనకో కల ఉందనీ, సాఫ్ట్‌బాల్‌లో దేశం తరఫున ఆడాలనీ, ఆ పార్ట్‌టైమ్ ఉద్యోగాలన్నీ అందుకోసమేననీ అప్పుడే చెబుతుంది. చెప్పేసి అతన్ని తైగా వెనక పంపిస్తుంది. తర్వాత అమి దగ్గర భోరుమంటుంది.

రెండుసార్లూ మినోరి తప్పుకుంది, గమనించావా? ఫలితం చూస్తే ఒకటే, ర్యూజీ ఆమెకి దక్కలేదు. కానీ మొదటిసారి తప్పుకున్నప్పుడు అందరి మధ్యా గోడ లేచింది. రెండోసారి, మనసులో ఉన్నది ముగ్గురి ముందూ పెట్టి తప్పుకున్నప్పుడు, స్నేహం నిలబడింది. తైగా, ర్యూజీ ఇళ్లలో గొడవై పారిపోదామనుకున్నప్పుడు అండగా నిలిచింది ఈ మిత్రులే. అమి తన విల్లా తాళం చేతిలో పెట్టింది. తైగా చెప్పాపెట్టకుండా వెళ్లిపోయిన తర్వాత, ఆమె పంపిన నక్షత్రం ఫొటో అందుకున్నవాళ్లలో మినోరి కూడా ఉంది. అంటే నువ్వు మినోరిలా ఉండాలనుకుంటే ఉండు. 24వ ఎపిసోడ్ మినోరిలా ఉండు.

ఇక ఏం చేయాలో చెబుతాను. నీ ఫ్రెండ్‌కి చెప్పు. ఫోన్లో వద్దు, మెసేజ్ అసలే వద్దు. మెసేజ్ అయితే తను అదే పదిసార్లు చదువుకుని, నువ్వు అనని అర్థాలు తీస్తుంది, స్క్రీన్‌షాట్ ఇంకెవరికో వెళుతుంది. ట్యూషన్ దగ్గరా వద్దు, అతను అటుగా వస్తే ఇద్దరికీ మాట పడిపోతుంది. తన ఇంటికి నువ్వు వెళ్లి చెప్పు. నీ ఇంటికి పిలిచి చెబితే, కోపమొస్తే తను లేచి, చెప్పులేసుకుని, మీ అమ్మగారికి నవ్వు మొహం చూపించి వెళ్లాలి. తన ఇంట్లో అయితే నువ్వు లేచి వచ్చేయొచ్చు, తన గది తనకుంటుంది. టెస్టుకి ముందు రోజు మాత్రం పెట్టుకోకు.

మాటలు కూడా ముందే అనుకుని వెళ్లు, ఎక్కువ వద్దు. "నీకో విషయం చెప్పాలి, వింటే నీకు బాధ కలగొచ్చు. నాకూ అతనంటే ఇష్టం కలిగింది. కావాలని తెచ్చుకున్నది కాదు. నీకు చెప్పకుండా దాచుకుని నీ దగ్గర మామూలుగా ఉండలేకపోతున్నాను, అందుకే ఈ మధ్య చిరాకు పడుతున్నాను. నీ వెనక అతనితో నేనేం మాట్లాడలేదు." అంతే, అక్కడ ఆగిపో. దీని తర్వాత వచ్చే రెండు మాటల దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఒకటి, "నీ కోసం నేను తప్పుకుంటాలే" అనడం. అనకు. అది అంటే తనకి రెండే దారులు మిగులుతాయి, నీ జాలి పుచ్చుకోవడమో, లేదా ఒద్దని తను కూడా తప్పుకోవడమో. తైగా, మినోరి ఆడిన ఆట మీరిద్దరూ మళ్లీ మొదలుపెడతారు. రెండోది, "ఇప్పుడేం చేద్దాం చెప్పు" అని వెంటనే అడగడం. ఇన్ని రోజులు ఆలోచించి నువ్వొచ్చావు, తనకి అప్పుడే తెలిసింది. అక్కడికక్కడే జవాబు అడగడం న్యాయం కాదు.

ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను. అతనికి తను పంపే మెసేజ్‌లు రాసిపెట్టడం ఇవాళ్టితో మానెయ్. ఇష్టం ఉన్న మనిషికి వేరేవాళ్ల తరఫున మాటలు రాయడం నీ మనసుకి మంచిది కాదు. నీ ఫ్రెండ్‌కీ మంచిది కాదు, అతను తనని కాకుండా నీ మాటల్ని ఇష్టపడే ప్రమాదం ఉంది. మానేస్తే ఎందుకని అడుగుతుంది, అడిగేలోపే వెళ్లి చెప్పడానికి అదొక కారణం కూడా అవుతుంది.

అతనికి చెప్పాలా అని నువ్వు అడగలేదు, కానీ ఆ ప్రశ్న నీ మనసులో ఉండే ఉంటుంది. ఇప్పుడు వద్దు. ముందు స్నేహితురాలు, ఆ తర్వాతే అతను. తనకి చెప్పకుండా అతనికి చెబితే, ఏ జవాబొచ్చినా తను దాన్ని వెన్నుపోటుగానే చూస్తుంది, చూడటంలో తప్పు కూడా లేదు. తనకి చెప్పాక, ఇద్దరూ కుదుటపడ్డాక, పరీక్షలయ్యాక అప్పటికీ ఆ ఇష్టం అలాగే ఉంటే అప్పుడు ఆలోచించుకోవచ్చు. పదిహేడేళ్ల వయసులో ట్యూషన్ మారితే ఇష్టం మారిపోవడం కూడా చూశాను, మారకుండా పెళ్లి దాకా వెళ్లడమూ చూశాను. నీది ఏదో ఇప్పుడే తేలాల్సిన అవసరం లేదు. మరో మాట, అతను నీ ఫ్రెండ్‌ని ఇష్టపడితే నీకు ఏడుపొస్తుంది. రానీ. మినోరికీ వచ్చింది, అమి పక్కనుంది. నీకూ ఒక అమి కావాలి. ఈ వ్యవహారంలో లేని మనిషి, పుకార్లు మోయని మనిషి. అక్కో, పిన్నో, కజినో ఎవరైనా సరే. మీ క్లాసులో వాళ్లు మాత్రం వద్దు.

తనకి చెప్పినప్పుడు తను ఎలా తీసుకుంటుందో నేను మాట ఇవ్వలేను. గట్టిగా అరవొచ్చు, ఏడవొచ్చు, కొన్నాళ్లు బెంచీ మారి కూర్చోవచ్చు. ఏడేళ్ల స్నేహంలో మొదటిసారి తను నిన్ను పరాయిదానిలా చూస్తుందేమో, అది తట్టుకోవడం చాలా కష్టం. వెంటపడి బతిమాలకు. కామన్ ఫ్రెండ్స్‌తో రాయబారాలు పంపకు, స్టేటస్‌లో బాధ పాటలు పెట్టకు. ఎదురుపడితే మామూలుగా పలకరించు. రికార్డు రాసుకోవడానికి నోట్స్ అడిగితే ఇవ్వు, అడక్కపోతే ఊరుకో. తనకి కోపం తగ్గేటప్పుడు మొదట వచ్చేది ప్రశ్నలే: ఎప్పట్నుంచి, నాకెందుకు చెప్పలేదు, ఆ రోజు నేనలా అన్నప్పుడు నీకేమనిపించింది అని. ఆ ప్రశ్నలు ఎన్నిసార్లడిగినా విసుక్కోకుండా, ఉన్నదున్నట్టు చెప్పు.